పొట్టి కూత

“బయలుదేరాం నాన్నా. గంటలో ఇంట్లో ఉంటాం. గంటలో. వినపడుతోందా?” అని కూతురు ఫోనులో అరిచింది. వినపడకేం, గోడకు అవతల కుట్టు మిషను తొక్కుతున్న పక్కింటావిడకు కూడా వినపడి ఉంటుంది. “వినపడిందమ్మా” అని ఆయన ఫోను పెట్టేశాడు. ఈ నెలన్నరగా ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడల్లా గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి చెవి మీదికి పోతోంది, చెవిలో వినికిడి మిషను ఉందో లేదో చూసుకోవడానికన్నట్టు. ఉంది. ఇల్లంతా ఊడ్చి ఉంది, పక్క మీద దుప్పటి మార్చి ఉంది, స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకు కడ్డీ బిగించి ఉంది, వెనక వరండా మెట్టు మీదికి చెక్కలతో వాలు కట్టి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో ఆయనంత శ్రద్ధ గలవాడు మరొకడు ఉండడు. ఇక మిగిలింది ఒక్క పనే. ఇంటి ముందు వైపు మెట్లు ఎక్కువ, కాబట్టి ఆస్పత్రి నుంచి వస్తున్న భార్య చక్రాల కుర్చీ పక్క గేటులోంచి తోట దారిన రావాలి, ఆ తోట దారికి నిమ్మచెట్టు దగ్గర ఆయన వేసుకున్న బుల్లి రైలు పట్టాలు అడ్డం. అవి ఊడదియ్యాలి. స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని వచ్చి, పట్టాల పక్కన ఎప్పుడూ ఉండే రెండు మెట్ల స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక గాని దేని మీద కూర్చున్నాడో తెలియలేదు.

తెలిసి లేచాడు, నిలబడితే స్క్రూలు అందక మళ్లీ కూర్చున్నాడు. అది వంటింటి స్టూలు. పై అర అందుకోవడానికి ఆవిడ వడ్రంగిని పిలిచి, దగ్గరుండి చేయించుకున్నది. పట్టాల పనికి సరిగ్గా సరిపోయే ఎత్తు గదా అని ఒక పొద్దున ఆయన “ఇప్పుడే తెచ్చిస్తా” అని పట్టుకొచ్చాడు, ఆ ఇప్పుడు ఇంకా అవలేదు. రోజూ చీకటి పడే వేళకు ఆవిడ వరండాలోంచి “ఆ స్టూలు లోపల పెట్టండి” అనేది, అది చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, చివరికి వానకు తడిసి కాళ్లు నల్లబడ్డాయి. పిండి జల్లెడ కూడా ఇలాగే వచ్చి కంకర జల్లెడ అయింది. పట్టాల కింద పోసే కంకర మరీ సన్నమైతే నీళ్లు నిలుస్తాయి, మరీ లావైతే చూడటానికి బండరాళ్లలా ఉంటాయి, పిండి జల్లెడలోంచి జారిందాన్ని పారేసి, మిగిలిందాన్ని పోసుకుంటే అచ్చు అసలు రైలు దారిలా ఉంటుందని కనిపెట్టిన రోజు ఆయన ఆవిడకు చూపించి మెప్పు కూడా అడిగాడు. “అసలు రైలు వాళ్లు కూడా ఎవరింట్లోనో జల్లెడ ఎత్తుకొచ్చే పోసుంటారు లెండి” అంది ఆవిడ. మొదటి స్క్రూ తుప్పు పట్టి తిరగనంది. ఆయన స్క్రూడ్రైవరును రెండు చేతులతో నొక్కాడు, అది కిర్రుమంది, ఆ కిర్రు చెవిలోని మిషనులోంచి పుర్రెలోకి పోయింది. ఈ మిషను పెట్టుకున్నప్పటి నుంచి ఆకు రాలినా చప్పుడే, మింగిన గుటకా చప్పుడే.

నలభై ఏళ్లు ఆయన కట్టుడు పళ్లు తయారుచేశాడు. పళ్ల డాక్టరు పేరు బోర్డు మీద ఉండేది, పళ్లు వెనక గదిలో ఆయన చేతిలో పుట్టేవి, ఊళ్లో పెద్దవాళ్లలో సగం మంది నవ్వు ఆయనదే. పని మానేసిన రోజు ఇంటికి రెండు బస్తాల పళ్ల అచ్చులు పోసే సున్నం, చిన్న ఆకురాళ్లు, ఇత్తడి తీగ తెచ్చుకున్నాడు, అవి చూసి ఆవిడ “ఇప్పుడు ఎవరి పళ్లు రాలగొడతారు” అని అడిగింది. ఆయన రైలు వేశాడు. పెద్ద రైలు మీద ఆయనకు మోజు లేదు, దాని పట్టాలకు ఇంత వెడల్పు, దాని వంపుకు అంత చోటు కావాలి, అది తోటలో ఇమిడేది కాదు. కొండల్లో గనుల దగ్గర మలుపు మీద మలుపు తిరుగుతూ పాకే నారోగేజి రైలే ఆయనకు ముద్దు, ఇరుకు పట్టాల మీద పొట్టి ఇంజను, అది గులాబీ మొక్కల మధ్య దూరి, నీళ్ల తొట్టి చుట్టూ తిరిగి, పళ్ల సున్నంతో కట్టిన సొరంగంలోంచి వచ్చేది. మొదటి వానకే సొరంగం పెరుగులా జారిపోయింది. ఆవిడ కిటికీలోంచి చూసి పొట్ట పట్టుకుని నవ్వి, తరవాత తనే వచ్చి సిమెంటు కలిపి పెట్టింది. ఆ సొరంగం ఇప్పటికీ ఉంది, దాని నుదుటి మీద ఆవిడ మూడు వేళ్ల గుర్తులూ ఉన్నాయి. ఆయన ఆ వేళ్ల వైపు చూడకుండా రెండో స్క్రూ తిప్పాడు.

ఆ రోజుల్లోనే ఆవిడ ఒకసారి భోజనానికి పిలిచి పిలిచి, చివరికి గరిటెతో సహా తోటలోకి వచ్చి, “పిలిస్తే మీరెలాగూ పలకరు, కనీసం మీ ఇంజనునైనా పలకమనండి” అంది. కోపంగానే అంది. ఆయనకు అది భలే నచ్చింది. ఇంజను నిజంగా నీళ్లు కాగి, ఆవిరి పట్టి నడిచే ఇంజను, లైటర్లలో నింపే గ్యాసుతో దాని పొట్టలో మంట, దాని నెత్తిన గోరంత మీట, నొక్కితే కూత. అప్పటి నుంచి ఆవిడ “ఏమండీ” అంటే ఇంజను పొట్టిగా ఒక్క కూత పెట్టేది, అంటే విన్నాను, వస్తున్నాను అని. కూత వినపడితే ఆవిడ కంచం పెట్టేసేది. ఇంటికొచ్చిన చుట్టాలు ఈ సంసారం చూసి నోళ్లు నొక్కుకునేవాళ్లు. పెళ్లయిన కూతురు మాత్రం “మీ ఇద్దరికీ పిచ్చి సమానంగా పంచారు” అనేది. ఇప్పుడు ఆ కూతురే ఆయనతో నోరు చించుకుని మాట్లాడుతోంది, ఆ పాపమూ ఆయనదే.

నెలన్నర కిందట ఆస్పత్రి వరండాలో కూతురు ముందు ఇలా అరవలేదు, మెల్లగానే అడిగింది, “అమ్మ అంతసేపు పడి ఉంటే, పిలుస్తుంటే, నీకెలా వినపడలేదు నాన్నా?” అని. ఆయన నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లోంచి ఏం వచ్చేదో ఆయనకే తెలియదు, ఈలోగా స్ట్రెచరు మీంచి భార్యే జవాబు చెప్పేసింది, “రైలు చప్పుడులో ఆయనకేం వినపడుతుందే, అసలే చెవి మందం” అని. తుంటి ఎముక విరిగి, పెదవి కొరుక్కుంటూ, కళ్లు మూసుకునే చెప్పింది. ఆయన నోరు మూసేశాడు. ఆయన చేసిందల్లా అదే. అబద్ధం ఆడలేదు, ఎదురొచ్చిన అబద్ధానికి జరిగి చోటిచ్చాడు. తరవాత అదే ఇల్లంతా పరుచుకుంది. కూతురు చెవుల డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చప్పుడు వినపడగానే ఈ మీట నొక్కండి తాతగారూ అన్నారు. దూరంగా, దారమంత సన్నగా ఒక చప్పుడు వినపడింది. ఆయన నొక్కలేదు. మళ్లీ వినపడింది, కొంచెం గట్టిగా, మీట మీద వేలుంది, నొక్కలేదు. పెద్ద కష్టమనిపించలేదు, అప్పటికే ఒకసారి చేసి ఉన్నాడు. అద్దం అవతల కూతురు కళ్లు తుడుచుకోవడం చూశాడు, పాపం నాన్న అనుకుని. మిషను చెవికి పెట్టి ఇంటికి పంపారు. తీసి గుప్పిట్లో మూస్తే అది కీచుమని కూస్తుంది, అందుకని పడుకునేటప్పుడు గిన్నెలో తెరిచి పెట్టాలని కూడా నేర్పారు. మంచి చెవికి చెవిటి మిషను పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా ఆయన రోజూ ఆస్పత్రికి వెళ్లి భార్య మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ నర్సుతో “ఆయనకు కాస్త గట్టిగా చెప్పమ్మా” అనేది. అన్నప్పుడల్లా చెప్పేద్దామనుకున్నాడు. ఇవాళ నొప్పి ఎక్కువగా ఉంది, రేపు చెబుదాం. ఇవాళ కాస్త నవ్వింది, ఎందుకు చెడగొట్టడం. అలా అలా ఇంటికి తెచ్చే రోజు వచ్చేసింది. ఇంటికొచ్చాక ఇక ఏ మంచం చాటున దాక్కోవాలో ఆయనకు తోచడం లేదు.

ఒక పట్టా వదులైంది. దాని కింద కొయ్య ముక్కల మీద ఇంకా నీలం మరకలు కనపడుతున్నాయి, కనపడగానే ఆ పొద్దు మొత్తం వచ్చి ఎదురుగా కూర్చుంది. ఈ నిమ్మచెట్టు వంపు దగ్గరే ఇంజను ఎప్పుడూ పడిపోయేది. చెట్టు వేరు కిందనుంచి పొడుస్తుందని వేరు చెక్కాడు, పడింది, బయటి పట్టా ఎత్తాడు, పడింది. ఆ రోజు హఠాత్తుగా పాత విద్య గుర్తొచ్చింది. కట్టుడు పళ్లు ఎక్కడ ఎత్తుగా తగులుతున్నాయో చూడటానికి నోట్లో నీలం కాగితం పెట్టి కొరకమంటారు, రంగు అంటిన చోటు అరగదీస్తారు. ఆయన ఆ కాగితం ముక్క పట్టా మీద పరిచి ఇంజనును చేత్తో నెట్టాడు. వంపు మధ్యలో నీలం చుక్క పడింది. అదే ఎత్తు పన్ను. నలభై ఏళ్ల చెయ్యి ఆకురాయితో రెండు గీతలు గీసింది. మంట వెలిగించాడు, ఆవిరి పట్టింది, వదిలాడు. ఇంజను గులాబీలు దాటి, తొట్టి దాటి, వంపు దగ్గరికి వచ్చి, కొంచెం ఒరిగి, ఆలోచించినట్టు ఆగబోయి, దాటేసింది. సరిగ్గా అప్పుడే వంటింట్లో ఏదో పడ్డ చప్పుడు. గిన్నెలనుకున్నాడు. ఇంజను మెల్లగా రెండో చుట్టూ తిరిగి మూడోది మొదలుపెట్టింది. అప్పుడు “ఏమండీ” అని వినపడింది.

వినపడింది. పక్కింట్లో కుట్టు మిషను చప్పుడు వినపడినట్టే, నిమ్మాకు కదిలినట్టే, స్పష్టంగా వినపడింది. ఆ గొంతు మామూలుగా లేదని కూడా వినపడిందా? ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆయన రోజూ జారి పడుతున్నాడు. లేదు, మామూలుగానే ఉంది, పంచదార డబ్బా అందడం లేదని పిలుస్తోందనుకున్నాను. అవును, మామూలుగా లేదు, అది తెలిసే ఇంకో చుట్టు చూసి వెళ్దామనుకున్నాను. మంట ఉండగా ఇంజనును వదిలి వెళ్లకూడదు, నీళ్లు అయిపోతే బాయిలరు మాడిపోతుంది, అది ఈ పనిలో మొదటి పాఠం. నిజమే. గ్యాసు మర తిప్పితే మంట ఆరిపోతుంది, అది రెండు వేళ్ల పని, అదీ నిజమే. రెండోసారి “ఏమండీ” అంది, ఈసారి కొంచెం చిన్నగా. ఇంజను వంపులో ఉంది. ఈసారీ దాటితే ముందువి గాలివాటం కాదని తేలుతుంది. దాటింది. అలా గ్యాసు అయిపోయేదాకా నిమ్మచెట్టు కింద ఆ స్టూలు మీద కూర్చుని, చంటిపిల్ల నడక చూసినట్టు చూశాడు. పంచదార డబ్బా కోసం ఆవిడ స్టూలు లేక భోజనాల కుర్చీ ఎక్కింది. స్టూలు ఆయన కింద ఉంది.

ఇంజను చల్లబడ్డాక లేచి, చేతులు తుడుచుకుని, “వంపు దాటిందోయ్, ఒక్కసారి కాదు, ఎన్నిసార్లయినా దాటుతోంది” అంటూ లోపలికి వెళ్లాడు. ఆ గొంతులోని సంతోషం ఆయనకు ఇప్పటికీ వినపడుతుంది, దానికి ఏ మిషనూ అక్కర్లేదు. ఆవిడ కుర్చీ దగ్గర లేదు. వంటింటి గడప మీద చెంప ఆనించి, ఒక చెయ్యి హాలు వైపు చాపి పడి ఉంది. పడ్డది అక్కడైతే ఇక్కడెందుకు ఉందో ఆయనకు ఆ రోజూ అర్థం కాలేదు, తరవాతా అర్థం కాలేదు. కింద కూర్చుని ఆవిడ తల ఒళ్లోకి తీసుకోబోతే “కదపకండి” అంది. నుదుటి నిండా చెమటతోనే, “దాటిందా?” అని అడిగింది. అడగకపోతే ఎంత బాగుండేది. తిట్టినా, శపించినా, ఎక్కడో ఒక చోట పెట్టుకుని మోసేవాడు. ఆ “దాటిందా”ను ఎక్కడ పెట్టుకోవాలో ఇంతవరకు తెలియలేదు.

ఇక ఇంజనును తియ్యాలి. ఆ రోజు ఆగినచోటే, దారి మీదే నిలబడి ఉంది, అప్పటి నుంచి ఆయన దాని మొహం చూడలేదు. చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది, ఇత్తడి నల్లబడింది, పొగగొట్టంలో సాలీడు కాపురం పెట్టింది. ఆయన ఎడమ చెయ్యి పొట్ట కిందికి పోనిచ్చి, కుడి చేత్తో పైన పట్టుకుని ఎత్తాడు. ఎత్తుతుంటే కుడి బొటనవేలు దానంతటదే వెళ్లి నెత్తి మీది మీటను నొక్కింది. ఆవిరి లేదు, కూత రాలేదు. వేలు మాత్రం అక్కడే ఉంది. ఎవరు చెప్పారు ఆ వేలికి అక్కడికి వెళ్లమని? ఎవరూ చెప్పలేదు, ఎప్పుడూ ఎవరూ చెప్పరు, అది ఏళ్ల తరబడి నిద్రలో ఊకొట్టినట్టు తన పని తను చేసుకుపోతోంది, “ఏమండీ” అని వినపడితే చాలు, బుర్రకు కబురు అందకముందే. ఇంజను చేతుల్లో ఉండగానే ఆయన మెల్లగా స్టూలు మీద కూలబడ్డాడు. ఆ రోజు వంపు దాటి ఇంజను తన పక్కగా పోతున్నప్పుడు మొదటి పిలుపు వచ్చింది. పక్కగా పోతోంది కాబట్టి చెయ్యి అందేంత దూరం. చెయ్యి చాపాడు. నొక్కాడు. పొట్టిగా, ముద్దుగా, ఒక్క కూత. నిమ్మచెట్టు మీంచి పిట్ట లేచిపోవడం కూడా ఇప్పుడు కనపడుతోంది. విన్నాను, వస్తున్నాను.

పలకలేదనే అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ. పలికాడు. అంటే, ఆయన విన్నాడని ఆవిడకు తెలుసు. గడప మీద పడి ఉన్నప్పుడే తెలుసు, స్ట్రెచరు మీద కళ్లు మూసుకుని చెవి మందం అన్నప్పుడూ తెలుసు, నర్సును గట్టిగా చెప్పమన్న ప్రతిసారీ తెలుసు. కూతురి ముందు మొగుడి మర్యాద కాపాడిందా? లేక ఎంతకాలం మోస్తాడో చూద్దామని మూట నెత్తిన పెట్టి పక్కన కూర్చుందా? ఆవిడ రెండూ చెయ్యగలదు, ఒకే పూట చెయ్యగలదు. చెప్పకుండా ఉండవచ్చు. ఇకముందూ చెవిటివాడిగా బతికెయ్యవచ్చు, ఆవిడ అరుస్తుంది, తను ఆఁ అంటాడు, ఇద్దరూ ఒకరికొకరు తెలియనట్టు నటించుకుంటూ పోవచ్చు, సంసారంలో అదేం కొత్త. ఆ ఆలోచన వచ్చి కూర్చున్నంత హాయిగా ఈ నెలన్నరలో ఏదీ కూర్చోలేదు, ఆ హాయికే ఆయనకు తన మీద అసహ్యం పుట్టింది. ఇంజనును గడ్డి మీద పెట్టి, మిగిలిన పట్టాను స్క్రూలు విప్పకుండానే రెండు చేతులా పట్టి పీకేశాడు. కొయ్య ముక్కలు విరిగాయి, కంకర చెదిరింది, నీలం మరకలు మట్టిలో కలిసిపోయాయి.

పక్క గేటు దగ్గర కారు ఆగింది. తలుపు, చక్రాల కుర్చీ మడత విప్పిన చప్పుడు, కూతురి గొంతు, అన్నిటికంటే ముందు గాజుల చప్పుడు. ఆవిడ చిక్కిపోయింది, కుర్చీలో ఇంకా చిన్నగా ఉంది. కుర్చీ నిమ్మచెట్టు దాకా వచ్చి ఆగింది. ఆవిడ నేల మీద తెగిన దారిని చూసింది, విరిగిన కొయ్యలను చూసింది.

“పట్టాలెందుకు పీకారండీ? మీద ఒక చెక్క వేస్తే కుర్చీ పోయేదిగా.”

ఆయనకు నిజంగానే అది తోచలేదు. కూతురు ఆయన చెవి దగ్గరికి వంగి, “నాన్నా, అమ్మ అంటోంది, చెక్క, చెక్క వేస్తే” అని అరవడం మొదలుపెట్టింది. ఆయన చెవిలోంచి మిషను తీసి కూతురి అరచేతిలో పెట్టాడు.

“ఇది నాకక్కర్లేదమ్మా. ఆ రోజు మీ అమ్మ పిలిచింది నాకు వినపడింది. రెండుసార్లూ వినపడింది. నేనే వెళ్లలేదు.”

కూతురు తండ్రి వైపు చూసి, తల్లి వైపు చూసింది. తల్లి గడ్డి మీద ఒరిగి ఉన్న ఇంజను వైపు చూస్తోంది.

“తెలుసు. కూత వేశారుగా” అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. “పడ్డాక ముందు ఊపిరి అందలేదు. ఫోను దాకా పాకుదామనుకున్నాను. గడప దాకా వచ్చాక గొంతు వచ్చింది, పిలిచాను. మీ కూత వినపడింది. ఇంకేం, వస్తున్నారు కదా అని అక్కడే ఆగిపోయాను.”

ఆయన ఏదో అనబోయాడు.

“ఆ స్టూలు లోపల పెట్టండి” అంది ఆవిడ.

ఆయన వంగి స్టూలు ఎత్తాడు. కూతురు కుర్చీ తోయలేదు, తండ్రికేసి చూడలేదు, నిలబడినచోటే నిలబడింది, చెయ్యి మాత్రం మెల్లగా మూసుకుంది. మూసుకున్న ఆ గుప్పిట్లోంచి మిషను సన్నగా కూసింది. అది ముగ్గురికీ వినపడింది.